కుడి బుగ్గ మీద ఎండ, కారు అద్దానికి ఫిల్మ్

ప్రశ్న: మాది నెల్లూరు. కావలిలో బ్యాంకు ఉద్యోగం. ఇదివరకు రైల్లో వెళ్లేదాన్ని. రెండేళ్ల నుంచి కారులో నేనే నడుపుకుంటూ వెళ్లివస్తున్నాను. ఉదయం ఎనిమిదింటికి బయల్దేరితే, సాయంత్రం ఐదు దాటాక తిరుగు ప్రయాణం. ఈ రెండేళ్లలో ముఖం మీద మంగు వచ్చింది. అదీ కుడి బుగ్గ మీదే ఎక్కువ. కుడి చెయ్యి కూడా ఎడమ చేతి కంటే నల్లబడింది. ఆదివారాలు ఎక్కడికైనా వెళ్తే మా నాలుగేళ్ల పాప వెనక సీట్లో కళ్లలో ఎండ పడుతోందని ఏడుస్తుంది. అద్దాలకు ఫిల్మ్ వేయిద్దామని షాపుకు వెళ్తే "30 శాతం వేయించుకోండి మేడం, ఈ దారిలో ఎవరూ ఆపరు" అన్నాడు. 50 శాతం అయితే రూల్ ప్రకారమే కదా అని మా ఆయన అంటున్నారు. మా తమ్ముడు మొన్న హైదరాబాద్‌లో ఫైన్ కట్టి, ఫిల్మ్ రోడ్డు మీదే పీకించుకుని వచ్చాడు. ఇంతలో కేరళ హైకోర్టు ఫిల్మ్ వేసుకోవచ్చని చెప్పిందంటూ వాట్సాప్‌లో వచ్చింది. లీడర్ల కార్లకు చూస్తే నల్ల అద్దాలే. ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. 30 వేయించాలా, 50 వేయించాలా?
- ఒక సోదరి, నెల్లూరు

సమాధానం: అమ్మా, 30 వద్దు, 50 కూడా వద్దు. కానీ ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే మీ మంగు అలాగే ఉంటుంది, పాప ఏడుపూ ఆగదు. అందుకే మొదటి నుంచి చెప్తాను, కాస్త ఓపికగా చదవండి.

మీ ఉత్తరంలో నేను రెండోసారి చదివిన మాట "కుడి బుగ్గ". నెల్లూరు నుంచి కావలికి హైవే దాదాపు నిటారుగా ఉత్తరానికే పోతుంది. ఉదయం ఎనిమిదింటికి సూర్యుడు తూర్పున ఉంటాడు, అంటే మీ కుడిచేతి వైపు. సాయంత్రం మీరు దక్షిణానికి తిరిగి వస్తుంటే సూర్యుడు పడమటికి వాలి ఉంటాడు. అప్పుడు పడమర కూడా మీ కుడిచేతి వైపే. మన కార్లలో డ్రైవర్ సీటు కుడి పక్కన కాబట్టి, రెండు పూటలా ఎండ తిన్నగా మీ కిటికీలోంచి మీ బుగ్గ మీదికి, స్టీరింగ్ మీదున్న మీ కుడి చేతి మీదికి వస్తోంది. మీ ఉద్యోగం గూడూరులో అయ్యుంటే రెండు పూటలా ఎండ ఎడమ కిటికీలోంచి వచ్చేది, మీరు నీడలో ఉండేవారు. కాబట్టి ఇందులో విచిత్రం ఏమీ లేదు. మీ దారి అలాంటిది.

"అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకుని వెళ్తున్నాను, ఎండ ఎక్కడ తగిలింది" అని మీకు అనిపించి ఉంటుంది. చాలామందికి అలాగే అనిపిస్తుంది. ఎండలో చర్మానికి హాని చేసే అతినీలలోహిత కిరణాలు ముఖ్యంగా రెండు రకాలు, యూవీ-ఏ, యూవీ-బీ. చర్మం ఎర్రగా కమిలేలా చేసేది ప్రధానంగా యూవీ-బీ. దాన్ని మామూలు గాజు దాదాపు మొత్తం ఆపేస్తుంది. అందుకే కారులో గంటసేపు కూర్చున్నా చర్మం మండదు. యూవీ-ఏ అలా కాదు. గాజును చాలావరకు దాటుతుంది, చర్మంలో ఇంకా లోతుకు వెళ్తుంది, నొప్పి తెలియనివ్వకుండా నల్లబరుస్తుంది, ముడతలు తెస్తుంది. మంట లేదు కాబట్టి ఎండ తగల్లేదనుకుంటాం. స్కూటీ మీద వెళ్లేటప్పుడు ముఖానికి చున్నీ చుట్టుకుని, చేతులకు మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కునే మన ఆడపిల్లలు కారెక్కగానే అవన్నీ తీసి పక్కన పెట్టేస్తారు. కారులోనూ అవి కావాలని ఎవరూ చెప్పరు.

న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో 2012లో ఒక ఫొటో వచ్చింది. 69 ఏళ్ల మనిషి, 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపాడు. ముఖంలో కుడి సగం ఆ వయసు మనిషిలాగే ఉంది, ఎడమ సగం చర్మం మందంగా, మడతలు మడతలుగా, ఇంకో ఇరవై ఏళ్లు పెద్ద మనిషి ముఖంలా ఉంది. అమెరికాలో డ్రైవర్ ఎడమ పక్కన కూర్చుంటాడు కాబట్టి ఆయనకు ఎడమ చెంప. మనకు కుడి చెంప. మీకు అంత అవుతుందని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. మీవి రెండేళ్లే, ఇప్పుడే పట్టించుకున్నారు.

కారులో అద్దాలన్నీ ఒకలాంటివి కావు, ఈ సంగతి మీకు బాగా పనికొస్తుంది. ముందు అద్దం ల్యామినేటెడ్. రెండు గాజు పలకల మధ్య ఒక ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. రాయి తగిలినా ముక్కలు మీద పడకూడదని పెట్టిన ఆ పొరే యూవీని కూడా దాదాపుగా ఆపేస్తుంది. పక్క అద్దాలు ఎక్కువ కార్లలో టఫెన్డ్ గాజు, ఒకటే పలక, మధ్యలో పొర ఉండదు. 2016లో అమెరికాలో 29 కార్ల అద్దాలు కొలిచి ఒక కంటి వైద్య పత్రికలో ఫలితాలు వేశారు. ముందు అద్దాలు సగటున 96 శాతం యూవీ-ఏను ఆపాయి. డ్రైవర్ పక్క అద్దాలు సగటున 71 శాతం, అందులోనూ ఒక కారుకూ ఇంకో కారుకూ పొంతన లేదు. ఒకటి 44 శాతమే ఆపితే ఇంకొకటి 96 శాతం ఆపింది. అంటే మీ అద్దం మంచిదో కాదో కంటితో చూసి చెప్పలేం. కొలవాల్సిందే. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు నలుపు సంగతి. ఎండలో వచ్చే శక్తిలో యూవీ వాటా 5 శాతం దాకా మాత్రమే. 40 శాతం పైచిలుకు మన కంటికి కనిపించే వెలుగు. మిగిలినది, దాదాపు సగం, వేడిగా తగిలే పరారుణ కిరణాలు. ఈ మూడింటిలో నల్ల ఫిల్మ్ ముఖ్యంగా తగ్గించేది మధ్యదాన్ని, అంటే మనం చూడటానికి వాడుకునే వెలుగుని. యూవీని ఆపేది ఫిల్మ్‌లో కలిపే ప్రత్యేకమైన రసాయనం, దానికి రంగు అక్కర్లేదు. నీళ్లలా తేటగా ఉండే ఫిల్మ్ కూడా 99 శాతం యూవీని ఆపగలదు. వేడి సంగతీ అంతే. చవక రకం రంగు ఫిల్మ్ వేడిని పీల్చుకుని అద్దాన్నే వేడెక్కిస్తుంది, అందులో కొంత మళ్లీ లోపలికే వస్తుంది. మంచి సెరామిక్ ఫిల్మ్ పలచటి రంగులోనే అంతకంటే ఎక్కువ వేడిని ఆపుతుంది. కాబట్టి షాపతను 30 అన్నాడంటే మీ చర్మం గురించి ఏమీ చెప్పినట్టు కాదు, అద్దం ఎంత చీకటిగా ఉంటుందో చెప్పాడంతే. ఆ అంకె గురించి కూడా చాలామంది పొరబడతారు. 30 అంటే 30 శాతం నలుపు అని కాదు, 30 శాతం వెలుగే లోపలికి వస్తుందని. అంకె తగ్గేకొద్దీ చీకటి పెరుగుతుంది.

ఆ చీకటి మీకు రాత్రిపూట శత్రువు అవుతుంది. ఇది నా అనుభవం. చాలా ఏళ్ల కిందట, నా మొదటి కారుకు నాలుగు వైపులా ముదురు ఫిల్మ్ వేయించాను. ఒక వానాకాలం రాత్రి కరెంటు లేదు, బంధువుల ఇంటి సందులోంచి కారు వెనక్కి తీస్తున్నాను. పక్క అద్దంలోంచి చూశాను, ఎవరూ లేరనుకున్నాను. సైకిల్ మీద ఒక పిల్లవాడు, లైటు లేదు, ముదురు చొక్కా. బండి తగిలి కింద పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. ఆ పిల్లవాడి తల్లి పరుగెత్తుకుంటూ వచ్చిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ ఫిల్మ్ మొత్తం తీయించేశాను. మీరు కార్తీక మాసంలో సాయంత్రం ఆరింటికి చీకట్లో తిరిగి వస్తుంటారు. హైవే పక్కన లైట్లు లేని సైకిళ్లు, రోడ్డు దాటే గేదెలు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు.

ఇక చట్టం. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 100వ నియమం అద్దాల గురించి చెబుతుంది. ముందు అద్దం, వెనక అద్దం కనీసం 70 శాతం వెలుగుని లోపలికి రానివ్వాలి, పక్క అద్దాలు కనీసం 50 శాతం. దీన్ని చూసే మీవారు 50 శాతం ఫిల్మ్ రూలే కదా అంటున్నారు. పాపం, ఆయన ఒక్కరే కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ 50 అద్దం మొత్తానిది, ఫిల్మ్‌ది కాదు. మీ పక్క అద్దం ఫ్యాక్టరీ నుంచే కాస్త ఆకుపచ్చగా వచ్చి ఉంటుంది. అది 75 శాతం వెలుగుని రానిస్తుందనుకుందాం. దానిమీద 50 శాతం ఫిల్మ్ వేస్తే 75లో సగం, అంటే 37.5 శాతమే వస్తుంది. రూలు దాటినట్టే. షాపతను చెప్పిన 30 వేస్తే 22.5. అదే 70 శాతం తేట ఫిల్మ్ అయితే 52.5, పక్క అద్దానికి సరిగ్గా గట్టెక్కుతుంది. ముందు అద్దానికైతే 90 శాతం ఫిల్మ్ వేసినా 75 శాతం గాజు మీద 67.5కి దిగిపోతుంది, అదీ తప్పే. వెనక అద్దానిదీ 70 లెక్కేనని చాలామందికి తెలియదు, అందరికంటే ముదురు ఫిల్మ్ దానికే వేయిస్తారు.

ఈ లెక్క సరిపోయినా కథ అక్కడితో అయిపోలేదు. అవిషేక్ గోయెంకా అనే ఆయన వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు ఇచ్చింది. నల్ల అద్దాల చాటున నేరాలు జరుగుతున్నాయి, లోపల ఎవరున్నారో పోలీసులకు కనబడటం లేదు అన్నది ఆయన వాదన. ఆ 70, 50 శాతాలు కంపెనీలో తయారైన గాజుకే ఉండాలని, తర్వాత దానిమీద ఏ శాతం ఫిల్మ్ గానీ, ఇంకే పదార్థం గానీ అతికించకూడదని కోర్టు చెప్పింది. ఆ ఏడాది మే 4 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చింది. ఫైన్ కట్టించుకుని వదిలేస్తే చాలదు, ఫిల్మ్ తీయించాలి అని కూడా ఉంది. మీ తమ్ముడికి రోడ్డు మీద జరిగింది అదే. పోలీసులు దౌర్జన్యం చేశారని అనుకోనక్కర్లేదు.

లీడర్ల కార్ల మాట అడిగారు. ఆ తీర్పులో మినహాయింపు ఉన్నది జడ్, జడ్ ప్లస్ కేటగిరీ భద్రత ఉన్నవాళ్లకు, అదీ సంబంధిత అధికారుల అనుమతితో. సర్పంచికీ, ఎమ్మెల్యే గారి బావమరిదికీ లేదు. వాళ్లు నల్ల అద్దాలతో తిరుగుతున్నారంటే ఎవరూ ఆపలేదనే అర్థం. వాళ్లను ఆపనివాళ్లు మిమ్మల్నీ ఆపరని మాత్రం అనుకోకండి.

వాట్సాప్‌లో వచ్చింది అబద్ధం కాదు, సగం నిజం. 2012 తర్వాత ఆ 100వ నియమాన్ని కేంద్రం సవరించింది, 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇదివరకు సేఫ్టీ గ్లాస్ అని మాత్రమే ఉన్న చోట ఇప్పుడు సేఫ్టీ గ్లేజింగ్ అన్న మాట కూడా చేరింది. కొత్త భారతీయ ప్రమాణం ప్రకారం గాజుకు లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా అందులోకి వస్తుంది. 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు జస్టిస్ ఎన్. నగరేశ్ ఈ సవరణ ఆధారంగానే తీర్పు ఇచ్చారు. వెలుగు 70, 50 శాతాలకు తగ్గకుండా ఉన్నంత వరకు ఫిల్మ్ వేసుకున్నవాళ్లకు ఫైన్ వేయకూడదని, ఆ పని కంపెనీయే చేయాలి, కారు యజమాని చేయకూడదు అనడానికి లేదని చెప్పారు. నాకు ఆ వాదన సబబుగానే కనిపిస్తుంది.

కానీ మీరు ఉన్నది నెల్లూరులో. కేరళ హైకోర్టు తీర్పుకు మన హైకోర్టు కట్టుబడి ఉండనక్కర్లేదు. కేసు దాకా వెళ్తే మీ లాయరు చూపించుకోవడానికి బలమైన కాగితం, అంతవరకే. అదీ ముదురు ఫిల్మ్‌కు పనికిరాదు, ఎందుకంటే ఆ తీర్పు కూడా 50 శాతం హద్దును దాటమనలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఫిల్మ్ కనబడితే పోలీసులు 2012 తీర్పునే చూపిస్తారు. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్‌లో మొదటిసారికి 500 రూపాయల వరకు, మళ్లీ దొరికితే 1500 వరకు జరిమానా ఉంది. రోడ్డు మీద చలానాగా కట్టే మొత్తాన్ని రాష్ట్రాలు విడిగా నిర్ణయిస్తాయి. డబ్బు పెద్దది కాదు. కానీ వేలు పోసి వేయించిన ఫిల్మ్‌ను బ్యాంకుకు టైమ్ అవుతుండగా రోడ్డు పక్కన గోకిస్తుంటే ఎలా ఉంటుందో మీ తమ్ముణ్ని అడగండి. చర్మవ్యాధి ఉందని డాక్టరు చీటీ చూపిస్తే వదిలేస్తారని కొందరు అంటారు. 100వ నియమంలో అలాంటి మినహాయింపు లేదు.

మరి ఏం చేయాలి? ముందు మీ అద్దాన్ని కొలిపించండి. మంచి ఫిల్మ్ షాపుల్లో చేతిలో పట్టేంత మీటరు ఉంటుంది. అద్దాన్ని దాని మధ్యలో పెడితే మూడు అంకెలు చూపిస్తుంది: యూవీ ఎంత ఆగింది, వెలుగు ఎంత వచ్చింది, పరారుణం ఎంత ఆగింది. డ్రైవర్ వైపు అద్దం సగం దించి కొలవమనండి, రెండు నిమిషాల పని. కొలవనని, ముందు ఫిల్మ్ వేయించుకోమని ఎవరైనా అంటే ఆ షాపు మెట్లు దిగి వచ్చేయండి. అద్దం మూలన అచ్చువేసిన చిన్న అక్షరాలు కూడా చూడండి. తయారు చేసిన కంపెనీ పేరు, భారతీయ ప్రమాణం గుర్తు, ల్యామినేటెడో టఫెన్డో అక్కడే ఉంటాయి.

మీటరులో యూవీ 90 శాతం పైన ఆగుతోందని వస్తే ఫిల్మ్ గురించి ఇక ఆలోచించకండి. దానివల్ల మీ చర్మానికి కొత్తగా ఒరిగేది చాలా కొద్ది. 50, 60 దగ్గర వస్తే, మీ కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒక మాట అడగండి: ఇదే మోడల్ పై వేరియంట్‌కు యూవీ కట్ గ్లాస్ వస్తుందా, ఆ డ్రైవర్ అద్దం ఒక్కటి నాకు బిగిస్తారా అని. కొన్ని మోడళ్లలో కింది వేరియంట్‌కు మామూలు గాజు, పై వేరియంట్‌కు యూవీ కట్ గాజు ఇస్తారు. రెండింటి తలుపూ ఒకటే అయితే అద్దం సరిపోతుంది. ఈ దారిలో ఏ పోలీసుకూ మీరు జవాబు చెప్పుకోనక్కర్లేదు, ఎందుకంటే అతికించినది ఏమీ ఉండదు. నాకు అన్నిటికంటే నచ్చిన మార్గం ఇదే.

అది దొరకకపోతేనే ఫిల్మ్. అప్పుడైనా డ్రైవర్ అద్దం ఒక్కదానికే, రంగు తెలియనంత తేటది, అద్దంతో కలిపి కొలిస్తే 50 శాతానికి పైన ఉండేది. వేయించాక మళ్లీ కొలిపించి, ఆ అంకె బిల్లు మీద రాయించుకోండి. అప్పటికీ మన దగ్గర ఆపితే వాదించాల్సిన పరిస్థితి ఉంటుందని తెలిసే వేయించండి, తెలియక కాదు. ముందు అద్దానికి మాత్రం వద్దు. అది ఇప్పటికే యూవీని ఆపుతోంది. పైగా లోహపు పొర ఉన్న ఫిల్మ్ అక్కడ వేస్తే టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ చదవడంలో ఇబ్బంది రావచ్చు.

షాపుల్లో ఒక ప్రదర్శన చేస్తారు. హీట్ ల్యాంప్ వెలిగించి, మధ్యలో ఫిల్మ్ అతికించిన గాజు ముక్క పెట్టి, చెయ్యి పెట్టి చూడమంటారు. చల్లగా ఉంటుంది, మనం ముచ్చటపడి డబ్బు ఇచ్చేస్తాం. ఆ ల్యాంపులో ఉండేది చాలావరకు పరారుణమే, ఎండలో అదొక్కటే ఉండదు. "95 శాతం ఇన్‌ఫ్రారెడ్ ఆపుతుంది" అని రాసేది కూడా ఒక్కోసారి ఏదో ఒక తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచిన అంకె. "మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుంది?" అని అడగండి. కంపెనీ కాగితంలో అది వేరే గడిలో ఉంటుంది, అంకె బాగా తక్కువగా ఉంటుంది. పోల్చాల్సింది దాన్నే. మరీ చవక ఫిల్మ్ మన ఎండలకు కొన్నాళ్లకే ఊదారంగుకు తిరుగుతుంది, బుడగలు లేస్తాయి, రాత్రిపూట ఎదురుగా వచ్చే లైట్లు దాంట్లో చెదిరిపోయి కనిపిస్తాయి.

అద్దం కంటే ముందు చూసుకోవాల్సింది మీ ముఖం, అమ్మా. మంగు ఒట్టి యూవీతోనే రాదు. వంశంలో ఉండటం, కాన్పు, గర్భనిరోధక మాత్రలు, ఇలా చాలా కారణాలు కలుస్తాయి, ఎండ వాటిని రెచ్చగొడుతుంది. మన ఛాయ ఉన్నవాళ్లకు కంటికి కనిపించే వెలుగు కూడా మంగును పెంచుతుంది. ఆ వెలుగుని ఏ చట్టబద్ధమైన అద్దమూ పూర్తిగా ఆపలేదు, ఆపితే మీకు రోడ్డు కనపడదు. అందుకే సన్‌స్క్రీన్ కొనేటప్పుడు యూవీ-ఏను ఆపుతుందని రాసి ఉన్నదే కాకుండా, చర్మం రంగులో ఉండే టింటెడ్ రకం, ఐరన్ ఆక్సైడ్ ఉన్నది అడగండి. కనిపించే వెలుగుని కొంత ఆపేది ఆ ఐరన్ ఆక్సైడే. బయల్దేరే ముందు పావుగంట ముందుగా బాగా పట్టించండి, మెడకు కుడి పక్కన, చెవి దగ్గర కూడా.

పొద్దున ఏడున్నరకు రాసుకున్నది సాయంత్రం ఐదింటికి మీ ముఖం మీద ఉండదు. మీ తిరుగు ప్రయాణం మొత్తం ఏ రక్షణా లేకుండా జరుగుతోందని నా అనుమానం. బ్యాంకు నుంచి బయల్దేరే ముందు ముఖం కడుక్కుని మళ్లీ రాసుకోవడం అలవాటు చేసుకోండి, ఒక ట్యూబు డ్రాయర్‌లో పెట్టుకోండి. చేతికి మోచేతి దాకా వచ్చే కాటన్ గ్లౌజు, లేదా ఫుల్ హ్యాండ్స్ జాకెట్ చాలు. ఒత్తుగా నేసిన బట్టను మించిన రక్షణ లేదు, దానికి చలానా కూడా ఉండదు. చున్నీని మాత్రం ముఖం పక్కలకు జారేలా కట్టుకోవద్దు. పక్కనుంచి వచ్చే బండి కనపడదు.

ఇంకో మాట, దయచేసి గట్టిగా పట్టించుకోండి. మంగు క్రీమ్ ఇవ్వండని మందుల షాపులో అడిగితే స్టీరాయిడ్ కలిసిన క్రీమ్ చేతిలో పెట్టేస్తుంటారు. పదిరోజుల్లో తెల్లబడినట్టు అనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మంగు ఇంకా ముదురుగా తిరిగి వస్తుంది. ఇప్పటికే అలాంటిది వాడుతుంటే ఉన్నపళంగా మానేయకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఆ ఫీజుకు వెనకాడకండి.

పాప సంగతి. వెనక తలుపు అద్దాలకు పెట్టే జాలీ షేడ్లు మీరు చూసే ఉంటారు. బండి ఆగి ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. నడుస్తున్నప్పుడు ఉంచితే అద్దం మీద ఇంకే పదార్థమూ ఉండకూడదన్న 2012 నాటి మాట కిందికి లాగి ఫైన్ రాసే అవకాశం ఉంది. తువ్వాలును అద్దానికి పైన ఇరికించి వేలాడదీయడం ఇంకా తప్పు, మీరు వెనక్కి తిరిగి చూస్తే ఆ వైపు ఏమీ కనపడదు. పాప సీటును వెనక మధ్యలోకి మార్చడానికి వీలుంటే మార్చండి, రెండు కిటికీల ఎండకూ దూరమవుతుంది. బిగించే ముందు అక్కడ సీటు గట్టిగా కూర్చుంటుందో లేదో మీ కారు పుస్తకంలో చూసుకోండి. అంచు ఉన్న మెత్తటి కాటన్ టోపీ, కాళ్ల మీద పలచటి నూలు బట్ట. ఎటు వెళ్తున్నారో, ఏ వేళకు వెళ్తున్నారో చూసుకుని ఎండ పడని వైపు కూర్చోబెట్టినా సగం ఏడుపు తగ్గుతుంది. మీ బుగ్గకు చెప్పిన తూర్పు పడమర లెక్క పాపకూ పనిచేస్తుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నెల్లూరు వాళ్లకు నేను చెప్పేదేముంది. ఎండలో ఆపిన కారు లోపల వేడి ఎంత తొందరగా పెరుగుతుందో అమెరికాలో కొలిచి 2005లో ప్రచురించారు. గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. ఏ ఫిల్మ్ అయినా, ఎంత మంచిదైనా, ఇందులోంచి పిల్లలను కాపాడలేదు. పాలు తెచ్చుకునేంత సేపైనా పాపను కారులో వదలకండి. మీ కారు బ్యాంకు దగ్గర పగలంతా ఎండలో ఉంటుంది కాబట్టి ముందు అద్దానికి వెండిరంగు సన్‌షేడ్ ఒకటి కొనండి. లోపలికి వచ్చే ఎండలో పెద్ద వాటా ఆ పెద్ద అద్దానిదే. అది బండి ఆగి ఉన్నప్పుడు పెట్టేది, బయల్దేరే ముందు తీసేది, కాబట్టి చట్టంతో గొడవ లేదు. సాయంత్రం ఎక్కగానే నాలుగు తలుపులూ ఒక నిమిషం బార్లా తెరిచి, తర్వాత అద్దాలు దించి వంద గజాలు నడిపి, అప్పుడు ఏసీ వేయండి. ముందు బయటి గాలి, చల్లబడ్డాక లోపలి గాలి తిరిగే బటన్. అద్దాలన్నిటికీ 30 శాతం ఫిల్మ్ వేయించినా ఇంత తొందరగా చల్లబడదు.

ఈ వారంలో ఆ మీటరు రీడింగ్ తీయించండి. మూడు అంకెలూ, కారు మోడల్, ఏ సంవత్సరందో రాసి పంపండి. అద్దం మార్చడమా, తేట ఫిల్మా, రెండూ అక్కర్లేదా అన్నది అవి చూశాక ఇద్దరం కలిసి తేల్చుకుందాం. ఈలోపు సాయంత్రం సన్‌స్క్రీన్ మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టండి.